ముఖం తిప్పుకొనని వైద్యుడు

మన పల్లెలలో శాపనార్థాలకు కొదువ లేదు. వాటిలో మిక్కిలి కఠోరమైనది, పురుగులు పడి పోతావన్న మాట. చచ్చిపోతావనడం కంటె ఒంట పురుగులు పడతాయనడమే మనవారికి పెద్ద శాపంగా తోచినది. దేహంలో పురుగు పుట్టడం పాపఫలమనీ, అట్టివాని దరికి పోరాదనీ ఒక నమ్మకం ఆ మాట వెనుక దాగి ఉన్నది.

ముంబయి రహదారి మీద, సంగారెడ్డికి చేరువలో ఉన్న కంది గ్రామాన్ని ఎరుగనివారు ఈ ప్రాంతంలో లేరు. ఒక దిక్కున పటాన్‌చెరు దాకా కర్మాగారాలు, మందుల పరిశ్రమలు. మరొక దిక్కున ఐ.ఐ.టి. భవనాలు. ఇంత విజ్ఞానం వచ్చి వాకిట నిలిచిన చోట కూడా పై నమ్మకం చావలేదు. కొంతకాలం క్రిందట అక్కడ నాకు తెలిసిన ఒక ఇంట మంచం పట్టిన వృద్ధురాలి పాదపు పుండులో పురుగులు కనిపించినవి. మధుమేహం వలన ఆమె పాదానికి స్పర్శ పోయినది. కనుక నొప్పి తెలియలేదు. ఇంటివారు నిర్దయులు కారు. అయినా సిగ్గుచేత మూడు దినాలు ఎవరికీ చెప్పలేదు. ఆమె గది తలుపు దగ్గరగా వేసి ఉంచినారు. ఆ మూడు దినాలలో పురుగు లోతుకు పోయినది. సిగ్గు చేసిన చేటు పురుగు చేసిన చేటు కంటె తక్కువేమీ కాదు.

ఆ ఇంటి నుండి తిరిగి వస్తూ ఉండగా నాకు జ్ఞప్తికి వచ్చినవాడు డొమినిక్ లారే. నెపోలియన్ సేనలకు శస్త్రవైద్యుడై ఐరోపా రణరంగాలన్నీ తిరిగిన ఫ్రెంచి దేశీయుడు. మన విద్యార్థులు నెపోలియన్ గెలిచిన యుద్ధాల పేర్లు వరుసగా అప్పజెప్పగలరు. ఆ యుద్ధాలలో కాళ్ళు, చేతులు పోగొట్టుకొన్నవారిని ఎత్తుకొని వచ్చినవాని పేరు తెలిసినవారు తక్కువ. అతని జీవితంలో అనేక ఘట్టాలు ఉన్నా, పురుగు పట్టిన పుండు ముందు అతడు నిలిచిన తీరే నాకు అన్నింటికంటె గొప్పదిగా కనిపిస్తుంది.

లారే 1766 జులై 8వ తేదీన పిరనీస్ పర్వతాల మధ్య బొదెయాన్ అనే చిన్న పల్లెలో జన్మించినాడు. తండ్రి చెప్పులు కుట్టి జీవించేవాడు. పదమూడేండ్లకే లారే తలిదండ్రులు లేనివాడైనాడు. టులూజ్ నగరంలో శస్త్రవైద్యుడుగా ఉన్న పినతండ్రి అలెక్సిస్ అతనిని చేరదీసి విద్య నేర్పినాడు. తరువాత పారిస్ చేరి, ఆనాటి మేటి శస్త్రవైద్యుడు దెసో వద్ద శిష్యరికం చేసినాడు. కొంతకాలం ఓడ వైద్యుడై అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్ వరకు పోయి వచ్చినాడు గాని, సముద్రప్రయాణం అతని ఒంటికి సరిపడలేదు. 1789లో ఫ్రెంచి విప్లవం చెలరేగేనాటికి అతడు పారిస్‌లో ఉన్నాడు. 1792లో రైన్ నదీతీరపు సేనలో వైద్యుడుగా చేరినాడు. అక్కడ మొదలైనది అతని అసలు కథ.

ఆనాటి సేనలలో ఒక నియమం ఉండేది. వైద్యశకటాలు యుద్ధరంగానికి సుమారు ఒక క్రోసు వెనుకనే ఆగిపోవాలి. పోరు ముగిసిన పిమ్మటనే గాయపడినవారిని వెదకి తేవాలి. తెచ్చేసరికి ఒక దినమో, దినమున్నరో గడిచేది. అంతలో చాలామంది నెత్తురు కారి, చీము పట్టి మరణించేవారు. లారే ఇది చూచి సహించలేకపోయినాడు. ఫిరంగులను గుర్రాల చేత లాగించి క్షణాలలో ఒక చోటి నుండి మరొక చోటికి తరలించడం అతడు గమనించినాడు. చంపే సాధనం అంత వేగంగా పరుగెత్తగలిగినప్పుడు బ్రతికించే సాధనం ఎందుకు పరుగెత్తరాదన్న ప్రశ్న అతని మనస్సులో పుట్టినది. తేలికైన బండ్లు చేయించినాడు. రెండు చక్రాల బండిలో ఇద్దరు, నాలుగు చక్రాల బండిలో నలుగురు పడుకొని పోవచ్చును. ఎగిరే వైద్యశకటాలని వాటికి పేరు వచ్చినది. 1797 నాటికి ఇటలీలో 340 మందితో ఒక దళమే ఏర్పడినది. నేడు మన వీధులలో కూత వేస్తూ పోయే అంబులెన్సుకు ఇది పూర్వరూపం.

బండి కంటె గొప్పది మరొకటి ఉన్నది. ఎవరికి ముందు చికిత్స చేయాలన్న ప్రశ్నకు, గాయం తీవ్రతను బట్టి అని లారే సమాధానం చెప్పినాడు. సేనాపతి వ్రేలు తెగితే అతడు ఆగవలసినదే. మామూలు సిపాయి తొడ పగిలితే అతడే ముందు. శత్రుసేనలోనివాడైనా అదే న్యాయం. తరతమ భేదాలు రాజ్యమేలుతున్న కాలంలో ఈ మాట ఆచరణలో పెట్టడానికి గుండెధైర్యం కావాలి.

1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తినాడు. లారే అతని వెంట నడిచినాడు. ఇసుకలో బండి చక్రాలు సాగవు. కనుక ఒంటెలకు ఇరుప్రక్కల పడకల వంటి బుట్టలు కట్టించి గాయపడినవారిని మోయించినాడు. నెపోలియన్ చూపు ఈజిప్టుతో ఆగలేదు. 1799 జనవరిలో కైరో నుండి మైసూరు టిప్పు సుల్తానుకు ఒక లేఖ వ్రాసినాడు. అది ఆంగ్లేయుల చేత చిక్కినది. ఆ వసంతంలోనే నెపోలియన్ సిరియా తీరానికి నడచి, ఏకర్ కోటను ముట్టడించినాడు. మే నెల 4వ తేదీన ఇక్కడ శ్రీరంగపట్నం కోట కూలి టిప్పు నేలకొరిగినాడు. ఆంగ్లేయులతో పాటు మన నిజాము సేనలు కూడా ఆ ముట్టడిలో ఉన్నవి. అదే నెల 20వ తేదీన అక్కడ ఏకర్ కోటను సాధించలేక నెపోలియన్ వెనుదిరిగినాడు. రెండు కోటల క్రింద గాయపడినవారి మూలుగు ఒకటే. శ్రీరంగపట్నం చరిత్ర మనకు పాఠమైనది. ఏకర్ నుండి మరలిన క్షతగాత్రుల కథ పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

ఆ తిరుగు ప్రయాణం ఘోరమైనది. తల మీద ఎండ, కాళ్ళ క్రింద ఇసుక, సేనలో మహామారి. గుర్రాలన్నిటినీ గాయపడినవారికి ఇచ్చి తక్కినవారు నడవాలని నెపోలియన్ ఆజ్ఞాపించినాడు. ఆ దారిలో క్షతగాత్రులకు కొత్త భయం పట్టుకొన్నది. కట్టు విప్పితే పుండులో తెల్లని పురుగులు మసలుతున్నవి! ఆ దేశంలో విరివిగా ఉండే నీలి ఈగ వారి గాయాల మీద వాలి గ్రుడ్లు పెట్టినది. గంటల వ్యవధిలోనే పురుగులు పుట్టుకొని రావడం, ఒక్క దినంలో చిన్న ఈకకలం కాడంత లావు కావడం లారే చూచినాడు. ఫిరంగి గుండుకు వెరవని సిపాయిలు ఈ పురుగులను చూచి తమ బ్రతుకు ముగిసినదని విలపించినారు. బ్రతికి ఉండగానే శవమైనట్లు వారికి తోచినది.

ఇచ్చట ఒక సంగతి స్మరించాలి. పురుగు కుళ్ళు నుండి తనంత తానే పుడుతుందని లోకం చిరకాలం నమ్మినది. 1668లో ఇటలీ దేశస్థుడు రెడి కొన్ని పాత్రలలో మాంసం పెట్టి, కొన్నిటి మూతికి పలుచని వస్త్రం కట్టి, కొన్నిటిని తెరచి ఉంచినాడు. ఈగ వాలిన మాంసంలోనే పురుగు పుట్టినది. వస్త్రం కట్టిన మాంసంలో పుట్టలేదు. విద్యార్థులు నేటికీ ఇంటివద్ద చేసి చూడదగిన పరీక్ష ఇది. పురుగు పాపం నుండి రాదు, దేహం నుండి రాదు, ఈగ నుండి వస్తుంది. ఈ జ్ఞానం లారేకు ఉన్నది. పాపం, సిపాయిలకు లేదు.

అతడు మొదట చేయవలసిన పని చేసినాడు. రోజుకు మూడు నాలుగు మారులు కట్టు విప్పి, సదాపాకు, సేజ్ అనే మరొక ఘాటైన ఆకు వేసి కాచిన కషాయంతో గాయాలను కడిగించినాడు. పురుగులు చచ్చేవి. కాని ఈగలను ఆపే ఉపాయం ఆ ఎడారిలో లేదు. మరల గ్రుడ్లు, మరల పురుగులు. అట్టి స్థితిలో మరొకడైతే విసిగి ముఖం తిప్పుకొని ఉండేవాడు. లారే వంగి చూచినాడు. చూడగా అతనికి ఒక వింత గోచరించినది. పురుగులు కుళ్ళిన కండనే తింటున్నవి. జీవమున్న కండను ముట్టడం లేదు. అవి మసలిన గాయాలలో చెడు కండ త్వరగా ఊడిపడి, క్రింద ఎర్రని కొత్త కండ కనిపిస్తున్నది. మానవలసిన కాలానికి ముందే గాయం మానుతున్నది. అతడు సిపాయిలకు ఈ సంగతి నచ్చజెప్పినాడు. మాటతో నమ్మనివారు తమ గాయాలు మానడం కండ్లార చూచి నమ్మినారు. తరువాత తన యుద్ధవైద్య స్మృతులలో ఈ అనుభవాన్ని దాచకుండా వ్రాసిపెట్టినాడు. రాజు విజయాలు వ్రాసే పుస్తకంలో పుండులోని పురుగుకు చోటిచ్చినవాడు అతడు.

లారే శేషజీవితాన్ని సంగ్రహంగా చెప్పుకొందాము. 1801లో స్వదేశం చేరినాడు. నెపోలియన్ యుద్ధాలు ఆగలేదు. లారే కత్తికి విశ్రాంతి లేదు. మత్తుమందు తెలియని ఆ కాలంలో శస్త్రవైద్యుని చేతివేగమే రోగికి దయ. 1807లో ఎయ్‌లౌ వద్ద మంచులో మొద్దుబారిన అవయవాలను కోసినప్పుడు బాధ తక్కువగా ఉండడం గమనించినాడు. 1809లో వాగ్రామ్ యుద్ధానంతరం బారన్ బిరుదు పొందినాడు. 1812లో రష్యాలోని బొరొదినో వద్ద ఒక్క దినంలో 200 అవయవ ఛేదనాలు చేసినాడని చరిత్ర చెబుతున్నది. ఆ రష్యా నుండి మరలి వస్తూ బెరెజినా నది దాటేవేళ వంతెన మీద తొక్కిసలాట జరిగినది. తోటివారిని త్రోసుకొని పోతున్న ఆ సిపాయిలే లారేను గుర్తించి, చేతుల మీదుగా ఎత్తి ఆవలి గట్టుకు చేర్చినారు.

1813 నాటి ఘట్టం ఒకటి ఉపాధ్యాయులు తప్పక పిల్లలకు చెప్పదగినది. ఆ ఏట జర్మనీలో జరిగిన పోరాటాలలో రెండు వేలకు పైగా యువ సైనికులకు చేతులకు, వ్రేళ్ళకు గాయాలైనవి. యుద్ధం తప్పించుకొనడానికి తమను తామే కాల్చుకొన్నారని సేనాధిపతులు నింద మోపినారు. నెపోలియన్ కొందరిని కాల్చివేయించ నిశ్చయించినాడు. లారే అడ్డు తగిలి విచారణ కోరినాడు. ప్రతి బాలుని చేయి పట్టి పరీక్షించినాడు. అలవాటు లేని కుర్రవాండ్రు వరుసలుగా నిలిచి కాల్చినప్పుడు వెనుక వరుస తుపాకుల వల్ల ముందువారి చేతులు గాయపడినవని, వీరు నిరపరాధులని నివేదించినాడు. చక్రవర్తి కోపానికి గురి కావలసినవాడు మన్ననకు పాత్రుడైనాడు. పురుగు పట్టిన పుండును వంగి చూచిన చూపే ఇక్కడ కూడా పనిచేసినది. లోకం నింద వేసిన చోట అతడు గాయాన్ని చూచినాడు.

1815లో వాటర్లూ వద్ద నెపోలియన్ ఓడినాడు. గాయపడిన లారే ప్రష్యన్ల చేత చిక్కినాడు. ప్రాణం తీయడానికి సిద్ధమైన క్షణంలో ఒక వైద్యుడు అతనిని గుర్తించినాడు. ప్రష్యన్ సేనాని బ్లూషర్ కుమారుడు లోగడ గాయపడి ఫ్రెంచివారికి చిక్కినప్పుడు బ్రతికించినవాడు లారేయే. బ్లూషర్ అతనిని సగౌరవంగా విడిపించినాడు. ద్వీపాంతరవాసంలో 1821లో కన్నుమూసిన నెపోలియన్ తన మరణశాసనంలో లారేకు లక్ష ఫ్రాంకులు వ్రాసి, తాను ఎరిగినవారిలో అంతటి సచ్చరిత్రుడు లేడని మెచ్చుకొన్నాడు. లారే 1842 జులై 25న, అల్జీరియాలోని వైద్యశాలలను పరీక్షించి తిరిగి వస్తూ లియాన్ నగరంలో మరణించినాడు. డెబ్బదియారేండ్ల వయస్సులో కూడా అతడు రోగుల కోసమే ప్రయాణం చేస్తున్నాడు.

లారే వ్రాసిపెట్టిన మాట చాలాకాలం మూలన పడి ఉన్నది. 1917లో, మొదటి ప్రపంచయుద్ధంలో విలియం బేర్ అనే అమెరికా వైద్యుడు, ఏడు దినాలు రణరంగంలో దిక్కులేక పడి ఉన్న ఇద్దరు సిపాయిలను చూచినాడు. గాయాల నిండా పురుగులు; అయినా జ్వరం లేదు, పురుగులను కడిగితే క్రింద గులాబి రంగు కండ. పదేండ్ల తరువాత ఎముకలు చీము పట్టిన పిల్లలకు బాల్టిమోరు నగరంలో అతడు ఆ పురుగులతోనే చికిత్స ప్రారంభించినాడు. మామూలు పురుగుల వల్ల కొందరికి ధనుర్వాతం సోకగా, గ్రుడ్లను శుద్ధిచేసి పెంచిన పురుగులు వాడవలెనని తెలుసుకొన్నాడు. 1930 తరువాత అమెరికాలో లెడర్లీ సంస్థ అట్టి పురుగులను సీసాలలో పెట్టి వైద్యులకు అమ్మినది. 1942లో ఆ సంస్థకే పరిశోధనాధిపతి అయినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అతని ఆధ్వర్యంలో మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ వెలువడి 1948లో లోకానికి తెలిసినది. పెనిసిలిన్, ఆరియోమైసిన్ వంటి మందులు వచ్చిన పిమ్మట పురుగుల సీసాలు మూలపడినవి. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగినందున 2004లో అమెరికా ప్రభుత్వం శుద్ధిచేసిన పురుగుల వాడకానికి మరల అనుమతి ఇచ్చినది.

ఇది చదివి, పుండులో పురుగు పడితే మేలేనని ఎవరూ భ్రమపడరాదు. వైద్యులు పెంచే పచ్చ ఈగ పురుగు వేరు. మన దేశంలో పశువులకు, మనుష్యులకు తరచు పట్టే క్రిసోమియా అనే ఈగ పురుగు వేరు. ఇది జీవమున్న కండనే తొలుచుకొని పోతుంది. ఒక్కొక్క ఈగ గాయపు అంచున నూరు, రెండు నూర్ల గ్రుడ్లు పెడుతుంది; ఒక్క దినంలో అవి పిగులుతవి. పురుగు తల లోపలికి పెట్టి, ఊపిరి తీసే తోక కొసను పైకి ఉంచి త్రవ్వుతుంది. వైద్యులు టర్పెంటైన్ నూనెలో తడిపిన గుడ్డను గాయంలో ఉంచడంలోని మర్మం ఇదే. ఊపిరాడక పురుగు పైకి వస్తుంది. చిమటాతో ఒక్కొక్కటిగా తీస్తారు. ఒక్క రోజుతో పని తీరదు. పురుగు మిగలలేదని తేలేవరకు దినదినం చూడాలి. మట్టిలోని మరొక సూక్ష్మజీవి నుండి లభించి, 2015లో నోబెల్ బహుమతికి కారణమైన ఐవర్‌మెక్టిన్ మాత్ర నేడు తోడుగా ఉన్నది. ధనుర్వాతానికి సూదిమందు, చెడు కండ తొలగించడం, ఈగ వాలకుండా కట్టు తప్పనిసరి. ఇవి వైద్యుని చేతిలో జరగవలసిన పనులు. ఇంటిలో కిరసనాయిలు, ఫినాయిలు పోయడం గాయానికి గాయం చేయడమే. మధుమేహం గలవారు, కుష్ఠు వలన స్పర్శ పోయినవారు, మంచం పట్టినవారు నొప్పి చెప్పలేరు. వారి పాదాలను, వీపును రోజూ చూడవలసినది ఇంటివారే.

మనకు ఈ విద్య కొత్తది కాదు. వ్రణాల మీద ఈగలు వాలి క్రిములను విడుస్తవని సుశ్రుత సంహిత ఎప్పుడో చెప్పినది. తులసి మొదలైన మూలికల కషాయంతో కడగడం, మాంసఖండం కప్పి క్రిములను పైకి రప్పించడం అందులో ఉన్నవి. దయ కూడా మనకు కొత్తది కాదు. 16వ శతాబ్ది ఆరంభంలో చైతన్య మహాప్రభువు శ్రీకాకుళం సీమలోని శ్రీకూర్మం వచ్చినప్పుడు, దేహమంతా పురుగులు పడిన వాసుదేవుడనే కుష్ఠరోగిని కౌగిలించుకొన్నాడని భక్తుల కథ. జ్ఞానం, దయ రెండూ మన ఇంటనే ఉన్నవి. వాటి నడుమ సిగ్గు అనే తలుపు మాత్రం వేసి ఉన్నది.

కందిలోని ఆ వృద్ధురాలి గది తలుపు నాలుగవనాడు తెరచినది ఆమె మనుమరాలు, పదవ తరగతి చదువుతున్న పిల్ల. ముక్కుకు గుడ్డ కట్టుకొని, దీపం దగ్గరగా పట్టి, అవ్వ పాదం చూచి, ఆసుపత్రికి తీసుకొని పోవాలని పట్టుబట్టినది. అక్కడ నాలుగు దినాలు పురుగులు తీసినారు. రెండు వ్రేళ్ళు పోయినవి, పాదం దక్కినది. ఆ పిల్ల లారే పేరు విని ఉండదు. అయినా అతడు ఏకర్ దారిలో చేసినదే ఆమె చేసినది. ముఖం తిప్పుకొనలేదు; వంగి చూచినది. మన బడులలో శరీరశాస్త్రం చెప్పే గురువులు ఈగ జీవితచక్రంతో పాటు ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే, మన తిట్ల పట్టిక నుండి ఒక శాపమైనా రాలిపోతుంది.